80 శాతం బ్లాక్ అంటే వెంటనే స్టెంట్ వేయించాల్సిందేనా?

ఉక్కునగరం వాసి:
నమస్కారం. విషయం మా నాన్నది. వయసు 64, షిప్‌యార్డులో వెల్డరుగా చేసి రిటైరయ్యారు. రెండు నెలలుగా సింహాచలం మెట్లెక్కుతుంటే సగం దూరంలోనే ఛాతీ బిగుసుకుపోతోంది. రెండు నిమిషాలు కూర్చుంటే తగ్గిపోతోంది. ఊరికే ఉన్నప్పుడు, పడుకున్నప్పుడు ఏమీ లేదు. ఈసీజీ మామూలుగానే ఉంది, ఎకోలో గుండె పంపింగ్ 58 శాతం, అదీ మామూలేనట. ట్రెడ్‌మిల్ పరీక్షలో తేడా కనిపించిందని యాంజియోగ్రామ్ చేశారు. గుండె ముందు వైపు రక్తం తీసుకెళ్లే ఎల్ఏడీ నాళంలో, మధ్యలో, 80 శాతం బ్లాక్ అన్నారు.

నాన్న ఇంకా టేబుల్ మీదే ఉండగా నన్ను లోపలికి పిలిచి తెర మీద చూపించారు. "ఇప్పుడే స్టెంట్ వేసేస్తాం, సంతకం పెట్టండి" అన్నారు. చేతులు వణికాయి. రెండు రోజులు టైమ్ కావాలన్నాను. ఇంటికొచ్చాక మా బావగారు నన్ను తిట్టని తిట్టు లేదు. అమ్మ అప్పటినుంచి సరిగా అన్నం తినడం లేదు.

గుండెపోటు రాలేదు. నడిస్తేనే నొప్పి. ఇలాంటి మనిషికి స్టెంట్ వెంటనే కావాలా, మందులతో కొన్నాళ్లు చూడొచ్చా?

గాజువాక కుర్రాడు:
ఇందులో ఆలోచించేదేముంది అన్నా. 80 పోతే మిగిలింది 20. ఇంట్లో నీళ్ల పైపు అంత పూడుకుపోతే ప్లంబర్ని పిలవకుండా ఆగుతామా? మా మేనమామ "చూద్దాం, చూద్దాం" అంటూనే పోయాడు. మీ బావగారు చెప్పిందే కరెక్టు.

క్యాత్‌ల్యాబ్ పాత కాపు:
పదిహేనేళ్లు, యాంజియోగ్రాములు తీసి స్టెంట్లు వేసే క్యాత్‌ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా చేశాను. డాక్టర్ని కాను, అది గుర్తుంచుకుని చదవండి. నన్నడిగితే ఈ పైపు పోలికే మన కొంప ముంచుతోంది.

గుండె కండరం విశ్రాంతిలో ఉన్నప్పుడే, తనకు వచ్చే రక్తంలోని ఆక్సిజన్‌లో సుమారు 70 శాతం లాగేసుకుంటుంది. మెట్లెక్కేటప్పుడు ఇంకా పిండుకుందామన్నా అందులో మిగిలేది కొంచెమే. కాబట్టి రక్తమే ఎక్కువ రావాలి. మంచి నాళాలున్నవాళ్లకి అది మూడు నాలుగు రెట్లు పెరుగుతుంది. పెద్ద నాళం ఇరుకైతే, దాని దిగువన ఉన్న సన్న నాళాలు ముందే వెడల్పయి సర్దుకుంటాయి. అందుకే మీ నాన్నగారికి కూర్చున్నప్పుడు ఏమీ తెలియదు. ఆ సర్దుబాటు అంతా ఇంటి దగ్గరే ఖర్చయిపోయింది, మెట్ల దగ్గరికొచ్చేసరికి చేతిలో చిల్లిగవ్వ లేదు. అదీ ఆ బిగుతు.

ఇది కొత్త సంగతి కాదు. 1974లో లాన్స్ గూల్డ్, మరికొందరు కుక్కల మీద ప్రయోగం చేసి చూపించారు. నాళం 85 శాతం దాకా ఇరుకైనా విశ్రాంతి వేళ ప్రవాహం తగ్గలేదు. గరిష్ఠ ప్రవాహం మాత్రం సగమైనా ఇరుకు కాకముందే పడిపోవడం మొదలైంది.

ఇక 80 శాతం అన్నది చాలాసార్లు కంటితో చూసి చెప్పే అంచనా. ఒకే యాంజియోగ్రామ్ సినిమా చూసి ఒక డాక్టరు 70 అంటే పక్కాయన 85 అనడం నేను ఎన్నిసార్లు విన్నానో. కొలవాలంటే దారి ఉంది. కొస దగ్గర ప్రెషర్ సెన్సార్ ఉన్న సన్నటి తీగని బ్లాక్ దాటించి, మందు ఇచ్చి నాళాల్ని పూర్తిగా వెడల్పు చేసి, దిగువ ఒత్తిడిని బృహద్ధమని (గుండె నుంచి బయల్దేరే పెద్ద నాళం) ఒత్తిడితో భాగిస్తారు. ఎఫ్ఎఫ్ఆర్ అంటారు. 0.80 లేదా అంతకంటే తక్కువ వస్తే ఆ బ్లాక్ నిజంగా రక్తాన్ని ఆపుతున్నట్టు లెక్క. ఒకటికంటే ఎక్కువ నాళాల్లో బ్లాకులున్న 1,005 మందితో చేసిన ఫేమ్ అధ్యయనం 2009లో వచ్చింది. తీగతో కొలిచి వేసినవాళ్లకి సగటున 1.9 స్టెంట్లు పడ్డాయి, కంటితో చూసి వేసినవాళ్లకి 2.7. ఏడాదిలో చావు, గుండెపోటు, మళ్లీ ఆపరేషన్, ఈ మూడూ కలిపి చూస్తే 13.2 శాతం ఒకవైపు, 18.3 శాతం రెండోవైపు. తక్కువ స్టెంట్లు పడ్డవాళ్లే మెరుగ్గా ఉన్నారు.

జగదాంబ జంక్షన్:
ఇదంతా ఎందుకండీ, వ్యాపారం అని ఒక్క ముక్కలో చెప్పండి. 2017 ఫిబ్రవరిలో కేంద్రం మందు పూసిన స్టెంట్ ధర 29,600కి, మామూలుది 7,260కి దించింది. అంతకుముందు లక్ష దాటి కట్టినవాళ్లం మనమే. స్టెంట్ ధర దిగింది గానీ బిల్లు దిగిందా? టేబుల్ మీద మనిషిని పెట్టుకుని సంతకం అడగడం వైద్యం కాదు, బేరం.

క్యాత్‌ల్యాబ్ పాత కాపు:
టేబుల్ మీద అడగడం నాకూ నచ్చదు. కానీ అర్ధరాత్రి గుండెపోటుతో వచ్చినవాళ్లకి చెప్పులు వేసుకోకుండా పరిగెత్తుకొచ్చి నాళం తెరిచిన డాక్టర్లతోనే నేను పనిచేశాను. అందర్నీ ఒకే గాటన కట్టకండి.

పెదవాల్తేరు ఫిజీషియన్:
రెండు వేర్వేరు జబ్బుల్ని కలిపేస్తున్నారు. గుండెపోటులో నాళం హఠాత్తుగా గడ్డతో మూసుకుపోతుంది. అప్పుడు వీలైనంత త్వరగా తెరవాలి, స్టెంట్ ప్రాణం కాపాడుతుంది, అందులో వివాదం లేదు. గాజువాక తమ్ముడి మేనమామది ఏ రకమో మనకు తెలియదు. ఇక్కడ అడిగింది స్థిరంగా ఉన్న నొప్పి గురించి.

దాని మీద పెద్ద అధ్యయనాలు రెండు. 2007లో కరేజ్, 2,287 మంది. సగం మందికి మందులతో పాటు స్టెంట్, సగం మందికి మందులు మాత్రమే. నాలుగున్నరేళ్లు దాటాక చూస్తే చావు లేదా గుండెపోటు స్టెంట్ వైపు 19 శాతం, మందుల వైపు 18.5 శాతం. తర్వాత ఇస్కీమియా, 2020లో అచ్చయింది. 37 దేశాలు, 5,179 మంది, మన దేశం నుంచి కూడా ఉన్నారు. అందరూ పరీక్షల్లో రక్తం తగ్గుతున్నట్టు ఓ మాదిరిగానో తీవ్రంగానో తేలినవాళ్లే. ఐదేళ్లకి చావు, గుండెపోటు వంటివి కలిపి ముందే స్టెంట్ లేదా బైపాస్ చేసినవైపు 16.4, మందులతో మొదలుపెట్టినవైపు 18.2 శాతం. లెక్కల ప్రకారం అది తేడా కాదు.

ఎందుకంటే, గుండెపోటు చాలాసార్లు పెద్దగా ఇరుకు కనిపించని చోట మెత్తటి కొవ్వు పూత చిట్లడం వల్ల వస్తుంది. స్టెంట్ కాపలా కాసేది ఒక అంగుళం మేర. కొలెస్ట్రాల్ మాత్ర పనిచేసేది నాళాలన్నింటిలో.

ఒక హెచ్చరిక. ఎడమ ప్రధాన నాళంలో (ఎల్ఏడీ చీలక ముందున్న మొదలు నాళం) బ్లాక్ ఉన్నవాళ్లని, పంపింగ్ బాగా తగ్గినవాళ్లని, మందులకి లొంగని నొప్పి ఉన్నవాళ్లని ఇస్కీమియాలో చేర్చుకోలేదు. మీ నాన్నగారి ఎడమ ప్రధాన నాళం బాగుందా? రిపోర్టులో మొదట అది చూడండి.

సీతమ్మధార రిటైర్డ్ మాస్టారు:
డాక్టరుగారూ, ప్రాణం సంగతి చెప్పారు. బతుకు సంగతో? ఎనిమిది నెలలు మాత్రలు మింగాను. ఒకదానితో ఒళ్లంతా నీరసం, ఇంకోదానితో తలనొప్పి. రైతుబజారుకి వెళ్లి సంచీతో రావడానికి మూడు చోట్ల ఆగేవాణ్ని, ఆగిన ప్రతిచోటా ఎవరో ఒకరు "ఏం మాస్టారూ" అని పలకరించేవారు, సిగ్గుతో చచ్చేవాణ్ని. స్టెంట్ వేయించుకున్న మూడో నెలలో కైలాసగిరి నడిచి ఎక్కాను. నా ఆయుష్షు ఒక్క రోజు కూడా పెరగలేదంటే పెరగకపోనీ.

జగదాంబ జంక్షన్:
మాస్టారూ, అది స్టెంట్ మహిమో నమ్మకం మహిమో ఎలా చెప్తారు? 2017లో ఇంగ్లండులో ఆర్బిటా అని చేశారు. 200 మందికి మత్తిచ్చి, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, సగం మందికే స్టెంట్ వేశారు. మిగతా సగానికి వేసినట్టు నటించారు. ఆరు వారాల తర్వాత ట్రెడ్‌మిల్ మీద ఇద్దరి మధ్య తేడా 16.6 సెకన్లు. అది కూడా లెక్కకి నిలవలేదు.

క్యాత్‌ల్యాబ్ పాత కాపు:
సగం కథే చెప్పారు. అందులో రెండు వైపులా నొప్పి మందులు దండిగా వాడారు, ఇక స్టెంట్‌కి చూపించడానికి ఏం మిగిలింది? అదే బృందం 2023లో ఆర్బిటా-2 చేసింది. 301 మంది, నొప్పి మందులు ఆపేసి, మళ్లీ అదే నటనతో. పన్నెండు వారాల్లో స్టెంట్ వేసినవాళ్లకి నొప్పి స్పష్టంగా తగ్గింది. మాస్టారుది భ్రమ కాదు.

పెదవాల్తేరు ఫిజీషియన్:
ఒప్పుకుంటాను. అయితే అందులోనే స్టెంట్ పడ్డవాళ్లలో పదిలో ఆరుగురికి ఎంతో కొంత నొప్పి మిగిలింది. బ్లాక్ తెరిచినా నొప్పి ఉందంటే దిగువ సన్న నాళాలనీ అనుమానించాలి. అవి యాంజియోగ్రామ్‌లో కనపడవు.

ఎంవీపీ కాలనీ గృహిణి:
ఆ చివరి మాట నాలాంటివాళ్ల కోసం ఇంకా గట్టిగా చెప్పండి. నా యాంజియోగ్రామ్ శుభ్రంగా ఉందని "గ్యాస్ అమ్మా, టెన్షన్ తగ్గించుకోండి" అని పంపేశారు. రెండేళ్లకి వేరే చోట సన్న నాళాల జబ్బని తేల్చారు. ఇంకో మాట, మా వీధిలో కాళ్లకి పట్టీలు కట్టి గాలి కొట్టే ఈఈసీపీతో బ్లాకులు కరిగిస్తామని కరపత్రం పంచారు. నిజమా?

పెదవాల్తేరు ఫిజీషియన్:
కరగవు. ఆ యంత్రం గుండె సడలినప్పుడు కాళ్లని నొక్కి రక్తాన్ని వెనక్కి తోస్తుంది, రోజుకో గంట చొప్పున 35 గంటలు. 1999లో 139 మందితో చేసిన అధ్యయనంలో నొప్పి కొంత తగ్గింది. ఆపరేషన్‌కి వీలుకానివాళ్లకి వాడితే వాడొచ్చు. కరపత్రం రాసినవాళ్లది వేరే లెక్క.

ఉక్కునగరం వాసి:
అందరికీ దండాలు. యాంజియోగ్రామ్ సీడీ తీసుకుని ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఎడమ ప్రధాన నాళం శుభ్రంగా ఉందన్నారు. ఆయన వివరం చెప్తుంటే నేను, బావగారు ఒకళ్లనొకళ్లం నోరు మూయించుకుంటున్నాం. నాన్న అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఉన్నట్టుండి "గుండె నాది కదరా, మీరిద్దరూ ఎందుకు కొట్టుకుంటారు?" అన్నారు. డాక్టరుగారు కుర్చీ ఆయన వైపు తిప్పుకుని అడిగారు: "మీకు ఏం కావాలి?" "మందులు వాడతాను. అప్పటికీ కొండెక్కలేకపోతే మీరు చెప్పినట్టు తీగతో కొలిచి, అవసరమైతే స్టెంట్ వేయండి" అన్నారు. ఆరు వారాలు గడువు.

గాజువాక కుర్రాడు:
ఈ ఆరు వారాల్లో ఏమైనా అయితే అన్నా?

ఉక్కునగరం వాసి:
అదే భయం తమ్ముడూ. కూర్చున్నప్పుడు నొప్పి వచ్చినా, ముందుకంటే తక్కువ నడకకే వచ్చినా, నాలుక కింద మాత్రకి తగ్గకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లమన్నారు. నంబర్లు ఫ్రిజ్ మీద అంటించాం.

ఉక్కునగరం వాసి:
ఐదో వారం కబురు. పొద్దున్నే బీచ్‌రోడ్డులో నడుస్తానని చెప్పి బయల్దేరిన మనిషి సింహాచలం బస్సెక్కేశారు. ఒక్కసారే ఆగి పైదాకా వెళ్లారట. అమ్మ గంటసేపు తిట్టింది, తర్వాత ప్రసాదం తిన్నది. బావగారు మాత్రం నాతో ఇంకా మాట్లాడడం లేదు.