మాక్‌స్వీనీ దీక్ష గెలిచిందా, ఓడిందా?

పాతపేజీ: 1920 ఆగస్టు 12న ఐర్లండ్ స్వాతంత్ర్య పోరాటంలో ఉన్న కార్క్ నగర మేయర్ టెరెన్స్ మాక్‌స్వీనీని బ్రిటిష్ సైన్యం పట్టుకుంది, నన్ను విచారించే హక్కు మీకెక్కడిదని తిండి మానేసి, 74 రోజుల దీక్ష తర్వాత అక్టోబరు 25న లండన్ బ్రిక్స్‌టన్ జైల్లో పోయాడు. వదలమంటే వదల్లేదు, మనిషి పోయాడు. నా లెక్కలో ఇది ఓటమే. కాదంటారా?

రేవుమామ: కాదంటాను సార్. అదే ఏడు ఏప్రిల్‌లో డబ్లిన్ మౌంట్‌జాయ్ జైల్లో ఐరిష్ ఖైదీలు దీక్షకు కూర్చుంటే బయట కార్మికులు దేశమంతా సమ్మె కట్టారు, పది రోజులు తిరక్కుండానే వదిలేశారు. ఇంకోసారి లొంగితే జైళ్లు ఖాళీ అవుతాయనే కదా ఆగస్టులో ప్రభుత్వం మొండికేసింది! ఆ భయం పుట్టించింది దీక్షలే.

ఉప్పుచేప: భయం సంగతి సరే రేవుమామ గారూ, కార్క్ జైల్లో అదే సమయంలో దీక్షలో ఉన్న మైకేల్ ఫిట్జెరాల్డ్ 67 రోజులకు, జోసెఫ్ మర్ఫీ 76 రోజులకు చనిపోయారు. మర్ఫీ పోయింది కూడా మాక్‌స్వీనీ పోయిన రోజే. ఆయన పేరు మీలో ఎంతమంది విన్నారు? మేయర్ కాదు కాబట్టి పేపర్లకు పట్టలేదు. మిగతా తొమ్మిదిమందిని ఆపమని ఐరిష్ నాయకుడు ఆర్థర్ గ్రిఫిత్ చెప్పేసరికి 94 రోజులు. ఆ మాట అక్టోబరులోనే చెప్పుంటే? నాకు కోపం అక్కడ.

రేవుమామ: గ్రిఫిత్ ఆలస్యం చేశాడన్నది ఒప్పుకుంటా. దీక్షే దండగంటే మాత్రం ఒప్పుకోను.

తాటాకు: అసలు చిక్కు 1923లో ఉంది. 1921లో బ్రిటన్‌తో కుదిరిన సంధిని ఒప్పుకోని ఐరిష్ ఖైదీలు వేలల్లో తిండి మానేశారు, ఈసారి ఎదుట ఉన్నది సొంత ఐరిష్ ప్రభుత్వం. ఇద్దరు పోయినా అది కదల్లేదు, నవంబరులో వాళ్లే విరమించారు. ఇంకో మాట, 1920లో మాక్‌స్వీనీ అంత్యక్రియల్లో ముందున్న కార్క్ బిషప్ కొహలనే 1923లో ఆ ఇద్దరిలో ఒకడైన డెనిస్ బారీ శవాన్ని చర్చిలోకి రానివ్వలేదు. అదే ఊరు, అదే బిషప్, చేసింది కూడా అదే దీక్ష. మరి మూడేళ్లలో పాపం ఎలా అయింది?

పాతపేజీ: తాటాకు గారూ, మీరు నా వైపా, రేవుమామ వైపా? చూసేవాళ్లు లేకపోతే దీక్ష పనిచేయదనే కదా మీరు చెప్పింది. సరే, సగం దిగొస్తా. 1929లో లాహోర్ జైల్లో 63 రోజుల దీక్ష తర్వాత భగత్ సింగ్ సహచరుడు జతీన్ దాస్ పోతే మాక్‌స్వీనీ కుటుంబం నుంచి టెలిగ్రాం వచ్చింది, కార్క్ సంగతి అక్కడిదాకా వెళ్లిందంటే ఉత్తి ఓటమి అనలేను. ఉప్పుచేప గారి ప్రశ్నకు మాత్రం నా దగ్గర జవాబు లేదు, మర్ఫీ పేరు నేనూ ఇవాళే విన్నాను.