ప్రమాదం జరిగి నాలుగో రోజు, 102 జ్వరం, కల్చర్‌లో ఏ క్రిమీ లేదు. ఇలాంటిది చూసినవారున్నారా?

కృష్ణలంక:
మా తమ్ముడికి 29 ఏళ్లు. బైక్ మీద వెళ్తుంటే లారీ గుద్దింది. తొడ ఎముక, కటి ఎముక విరిగాయి, కడుపులోనూ దెబ్బలున్నాయి. ఐసీయూలో ఈరోజు నాలుగో రోజు. జ్వరం 102, నాడి 120, తెల్లకణాలు 18 వేలు. రక్తం రెండుసార్లు కల్చర్‌కు పంపారు, ఏమీ పెరగలేదు. ఇది ఇన్ఫెక్షన్ కాదని, దెబ్బకు ఒళ్లు స్పందిస్తోందని డాక్టరు అంటున్నారు. క్రిమి లేకుండా ఇంత జ్వరం వస్తుందా? స్టెరాయిడ్ ఇస్తే తగ్గదా? ముక్కు గొట్టంలోంచి పప్పు నీళ్లు, ప్రొటీన్ పొడి పోస్తుంటే చీము పడుతుందని అమ్మ ఏడుస్తోంది. ఇంటికి వచ్చాక ఫిజియోథెరపీ ఎన్నాళ్లు చేయించాలో కూడా చెప్పండి.

రెండో అంతస్తు వరండా:
మూడేళ్ల క్రితం మా నాన్నగారి విషయంలో నేనూ ఇదే అడిగాను. ఎవరు చెప్పినా వినలేదు. డాక్టర్లతో గొడవపడి పెద్ద యాంటీబయోటిక్ మొదలుపెట్టించాను. జ్వరం దాని దారిన అది ఏడో రోజుకు తగ్గింది. పదకొండో రోజు న్యుమోనియా వచ్చింది. ఆ క్రిమి మీద అంతకుముందు వాడిన మందులేవీ పనిచేయలేదు. నాన్నగారు దక్కలేదు. మొదటి వారం జ్వరానికి భయపడ్డాను, రెండో వారం గురించి ఎవరినీ అడగలేదు. మీరు అడగండి.

తెల్లకోటు:
ట్రామా ఐసీయూలో 14 ఏళ్లుగా పనిచేస్తున్నాను, కాబట్టి ఊహించి చెప్పడం లేదు. క్రిమి లేకుండానే ఇంత జ్వరం వస్తుంది. మన కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా ఒకప్పటి బ్యాక్టీరియా సంతతి. ఎముక, కండ నలిగినప్పుడు కణాలు పగిలి ఆ మైటోకాండ్రియా ముక్కలు రక్తంలోకి వస్తాయి. వాటి డీఎన్ఏ, ప్రొటీన్ల పోకడ బ్యాక్టీరియాదే. తెల్లకణాలకు తేడా తెలియదు, క్రిమి వచ్చిందనుకునే దాడికి దిగుతాయి. 2010లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన దీన్ని గాయపడినవారి రక్తంలోనే చూపించింది. ఆ దాడిలో సొంత ఊపిరితిత్తులు, కిడ్నీలు కూడా దెబ్బతినవచ్చు. అందుకే ఐసీయూలో ఉంచి గంట గంటకూ చూస్తారు.

ఆవకాయ జాడీ:
అమ్మగారు చెప్పిందే నిజమండి. పప్పు, వంకాయ, గుడ్డు పెడితే చీము పడుతుంది. మా అత్తగారికి మోకాలి ఆపరేషన్ అయ్యాక 40 రోజులు చారన్నమే పెట్టాం. గాయం శుభ్రంగా మానింది.

డైటీషియన్ విజయనగరం:
దయచేసి ఈ మాట ఇక్కడ రాయకండి. పదేళ్లుగా నేను పోరాడుతున్నది దీని మీదే. చీము అంటే క్రిములతో పోరాడి చచ్చిన తెల్లకణాలు. అది పప్పులోంచి రాదు. పెద్ద దెబ్బ తగిలినప్పుడు శరీరం సొంత కండను కరిగించి ఆ ప్రొటీన్‌తో గాయాన్ని మాన్పుకుంటుంది, రక్షణ కణాలను తయారు చేసుకుంటుంది. 1930లలోనే గ్లాస్గోలో కత్‌బర్ట్‌సన్ అనే ఆయన ఎముకలు విరిగినవారి మూత్రంలో, ప్రొటీన్ కరిగితే బయటికి పోయే నత్రజనిని లెక్కగట్టి ఈ నష్టాన్ని చూపించాడు. ఆ సమయంలో చారన్నం పెట్టడమంటే మనిషిని పస్తుంచడమే.

ఆవకాయ జాడీ:
పస్తుంచామా? మా అత్తగారికి నా చేతులతో తినిపించాను. ముఖం చూడని మనిషిని అంత మాట అంటారా? మీ చదువు పుట్టకముందు నుంచీ మన పెద్దలు పథ్యం పెడుతున్నారు, మనుషులు కోలుకుంటూనే ఉన్నారు.

డైటీషియన్ విజయనగరం:
మీ ప్రేమను అనలేదు, పథ్యాన్ని అన్నాను. కోలుకున్నవారే మనకు గుర్తుంటారు. పథ్యం పేరుతో ఎముకల గూడై, వీపున పుండ్లు పడి తిరిగి వచ్చినవారిని నేను చూశాను.

గుంటూరు మిర్చి యార్డు:
డైటీషియన్ గారూ, అందరికీ ఒకటే మాట చెప్పకండి. మా బావమరిది కాళ్లు ట్రాక్టర్ కింద నలిగి, కండ కరిగి కిడ్నీలు ఆగిపోయాయి. పొటాషియం పెరిగిందని వాళ్ల డాక్టరే పప్పు, కొబ్బరి నీళ్లు ఆపించారు.

డైటీషియన్ విజయనగరం:
అది పొటాషియం కోసం చేసింది, చీము కోసం కాదు. రెంటినీ కలపకండి.

ల్యాబ్ 18 ఏళ్లు:
సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే రక్తపరీక్ష) గురించి ఎవరూ రాయలేదు. దెబ్బ తగిలినా, ఆపరేషన్ చేసినా అది రెండు మూడు రోజులు పెరిగి తర్వాత దిగుతుంది. ఒక్క రోజు అంకె చూసి బెంబేలెత్తకండి, వరుసగా రాసి పెట్టుకోండి. దిగినది మళ్లీ ఎక్కితే ఆ రోజే అడగండి.

తాటితోపు:
నా గుండెలో ఉన్నది చెప్పుకుంటాను. మా ఆయన చెట్టు మీంచి పడితే ప్లీహం (కడుపులో ఎడమవైపు ఉండే స్ప్లీన్) తీసేశారు. ప్రాణం నిలిచింది, చేతులెత్తి దణ్ణం పెట్టాం. అది తీస్తే టీకాలు వేయించాలని ఆ ఆసుపత్రిలో ఒక్కరూ చెప్పలేదు. నాలుగేళ్ల తర్వాత ఒక సాయంత్రం చలిజ్వరం వచ్చింది. తెల్లారేసరికి బీపీ అందలేదు. వేళ్లు నల్లబడ్డాయి. ఎడమచేతి మూడు వేళ్లు పోయాయి, మనిషి బతికాడు.

తెల్లకోటు:
అమ్మా, మీకు జరిగింది అన్యాయం. న్యుమోకాకస్, మెనింగోకాకస్ వంటి పొర ఉన్న బ్యాక్టీరియాను రక్తం నుంచి వడకట్టేది ముఖ్యంగా ప్లీహమే. అత్యవసరంగా తీస్తే సాధారణంగా రెండు వారాలకు టీకాలు వేస్తారు. ఆ తర్వాత జీవితాంతం, ఏ జ్వరం వచ్చినా తెల్లారేదాకా ఆగకూడదు.

ఆటోనగర్:
ధనుర్వాతం ఇంజెక్షన్ ప్రతి దెబ్బకూ వేయాలా? మా పిల్లవాడికి ఈ ఏడాదిలో మూడుసార్లు వేశారు.

ఎమ్మెస్సీ మైక్రో:
కృష్ణలంక గారు అడిగిన స్టెరాయిడ్ సంగతి అందరూ వదిలేశారు. తలకు దెబ్బ తగిలిన 10,008 మందితో క్రాష్ అనే పరీక్ష చేశారు, 2004లో ఫలితాలు వచ్చాయి. స్టెరాయిడ్ ఇచ్చినవారిలో రెండు వారాల్లో 21 శాతం చనిపోయారు, ఇవ్వనివారిలో 18 శాతం. మేలు చేస్తుందని ఏళ్ల తరబడి వాడిన మందు అది. ఇంకొకటి, ఒంటి రక్షణ వ్యవస్థ మొదట అతిగా స్పందించి తర్వాత నీరసిస్తుందనేది పాత లెక్క. 2011లో తీవ్రంగా గాయపడినవారి తెల్లకణాలను పరీక్షిస్తే దాదాపు 80 శాతం జన్యువుల పనితీరు మారింది, ఉద్ధృతీ అణచివేతా ఒకేసారి మొదలయ్యాయి.

రెండో అంతస్తు వరండా:
అంటే మా నాన్నగారికి నాలుగో రోజునే రక్షణ తగ్గడం మొదలైందా?

ఎమ్మెస్సీ మైక్రో:
అయి ఉండవచ్చు. ఆ రోజుల్లో అది బయటికి కనిపించదు. మీరు గొడవపడడం వల్లే పోయారని మాత్రం అనుకోకండి.

ఆవకాయ జాడీ:
రాత్రి మా అత్తగారిని అడిగాను. ఆ 40 రోజుల్లో లేచి నిలబడాలంటే కాళ్లు వణికేవని ఇప్పుడు చెప్పారు. అప్పట్లో నాతో అనలేదు. వంకాయ మాత్రం నేను ఇప్పటికీ పెట్టను.

డైటీషియన్ విజయనగరం:
వంకాయ పెట్టకపోతే నష్టం లేదండి. గుడ్డు, పప్పు, పెరుగు పెట్టండి, చాలు.

కృష్ణలంక:
ఐదో రోజు. జ్వరం 101. సీఆర్‌పీ నిన్న 210, ఈరోజు 170. పుస్తకంలో రాసుకున్నాను. అమ్మకు చీము సంగతి చదివి వినిపించాను, గొట్టంలో పోస్తుంటే ఈరోజు పక్కనే నిలబడింది. తాటితోపు గారు రాసింది చూశాక స్కాన్ కాగితం తీశాను. ప్లీహం చీలిందని ఉంది, తీయలేదట. టీకాలు వేయించాలా?

తెల్లకోటు:
ప్లీహం మిగిలితే చాలావరకు దాని పని అది చేస్తుంది. రక్తస్రావం ఆపడానికి రక్తనాళాన్ని మూశారేమో ఒక్కసారి అడగండి, టీకాల నిర్ణయం దాన్ని బట్టి ఉంటుంది. డిశ్చార్జి కాగితంలో ఆ మాట రాయించుకోండి.

తాటితోపు:
రాయించుకో బాబూ. మా కాగితంలో ఒక్క ముక్క లేదు.