చక్రం పెద్దదైందా, రిమ్ము పెద్దదైందా?

ప్రశ్న: వేగం కోసం మార్పులు చేసిన కార్ల మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. 16 అంగుళాల వీల్స్ తీసి 17 వేశారన్న చోట "పెద్ద చక్రాలు వేశారు" అని రాశాను. కార్ల పిచ్చి ఉన్న మిత్రుడొకాయన చదివి "చక్రం ఎక్కడ పెరిగింది?" అన్నారు. అంగుళం పెరిగితే పెరగకపోవడమేమిటండీ? ఇంకోటి, టైరు సైజులో ఉండే 'ఆర్' అక్షరాన్ని వ్యాసార్ధం అనవచ్చా?

జవాబు: మీ మిత్రుడన్నదే సరి. తెలుగులో చక్రం అంటే నేల మీద దొర్లేది మొత్తం. ఎడ్లబండి చక్రమంటే ఆకులూ, చుట్టూ బిగించిన ఇనుప పట్టా అన్నీ కలిపే కదా. కార్లవాళ్ల లెక్కలో వీల్ అంటే టైరు ఊడదీశాక మిగిలే లోహపు భాగం మాత్రమే. దాన్ని మనం రిమ్ము అంటాం. ఇంగ్లీషులో ఆ మాటకు అసలు అర్థం అంచు. మనవాళ్లు ఆ లోహపు భాగం మొత్తానికీ ఆ పేరు పెట్టేశారు. ఇక్కడ మాత్రం అదే మనకు కలిసొచ్చింది.

ఇప్పుడు లెక్క చూడండి. టైరు సైజు 205/55 ఆర్ 16 అంటే టైరు వెడల్పు 205 మిల్లీమీటర్లు. 55 అన్నది మిల్లీమీటర్లు కాదు, వెడల్పులో 55 శాతం. అంటే టైరు గోడ (సైడ్‌వాల్, రిమ్ము అంచు నుంచి నేల దాకా ఉండే పక్క భాగం) ఎత్తు 112.75. కిందా పైనా రెండు గోడలు, మధ్యలో 16 అంగుళాల రిమ్ము, చక్రం ఎత్తు మొత్తం సుమారు 632 మిల్లీమీటర్లు. దాని బదులు 225/45 ఆర్ 17 వేస్తే 634. రిమ్ము అంగుళం పెరిగింది, గోడ తగ్గింది, చక్రం దాదాపు అలాగే ఉంది. కావాలనే అలా చేస్తారు. రిమ్ము లోపల పెద్ద బ్రేకులకు చోటు దొరుకుతుంది, గోడ పొట్టిదైతే మలుపులో టైరు తక్కువ వంగుతుంది. గతుకుల్లో నడుముకు మాత్రం తెలుస్తుంది.

అదే 205/55 ఉంచేసి 16ని 17 చేస్తే నిజంగానే పెద్ద చక్రం. చుట్టుకొలత 4 శాతం పెరుగుతుంది. స్పీడోమీటరు 100 చూపిస్తుంటే కారు 104 మీద పోతుంటుంది. గేర్లు బరువెక్కినట్టై పికప్ తగ్గుతుంది. వేగం కోసం మార్చినవాడికి ఇంతకన్నా నష్టమేముంది!

'ఆర్' అంటే రేడియల్. టైరు లోపలి దారాలు ఒక అంచు నుంచి రెండో అంచుకు అడ్డంగా, చక్రంలో ఆకుల్లా పరుచుకుని ఉంటాయని ఆ పేరు. వ్యాసార్ధమని రాస్తే చదివేవాళ్లు 17ను వ్యాసార్ధమనుకుంటారు, అది వ్యాసం. రేడియల్ అనే ఉంచేయండి.

ఇంకొకరు: గోడ అంటే ఇంటి గోడలా లేదూ? పార్శ్వకుడ్యం అంటే?

జవాబు: దయచేసి వద్దండి. ఆ మాట చదివే లోపు టైరు అరిగిపోతుంది. వెడల్పు దగ్గరే పొరబడతారేమోనని నాకు అనుమానం. ఆ 205 గోడ నుంచి గోడకు కొలత, నేలకు ఆనే మేర అంతకన్నా తక్కువ. "205 మిల్లీమీటర్లు రోడ్డును పట్టుకుంటుంది" అని రాస్తే తప్పు.

ప్రశ్న అడిగినవారు: అయితే "రిమ్ము 17కి పెంచి, గోడ తగ్గించారు" అని మారుస్తాను. వ్యాసంలోనే "ఆఫ్‌సెట్ 45 నుంచి 35కి తగ్గడంతో టైరు ఫెండరుకు రుద్దుకుంది" అని ఉంది (ఫెండరంటే చక్రం మీద కప్పినట్టుండే రేకు). తగ్గితే లోపలికి పోవాలి కదా? పెరగడంతో అని దిద్దాను.

జవాబు: దిద్దకండి, మూలమే ఒప్పు. ఆఫ్‌సెట్ అంటే రిమ్ము నడిమి గీత నుంచి బోల్టులు బిగించే ముఖానికి ఉన్న దూరం. ఆ ముఖం నడిమికి బయటివైపు ఉంటే ప్లస్. అది 10 తగ్గితే చక్రం 10 మిల్లీమీటర్లు బయటికి జరుగుతుంది. అందుకే తగిలింది. రుద్దుకుంది కన్నా ఒరుసుకుంది అంటే ఇంకా బాగుంటుంది.