నాయన ఆస్తి రాసిచ్చే ముందు ఎవరిని అడగాలి?

మాది అనంతపురం దగ్గర పల్లె. నాయనకు 76 ఏళ్లు. ఇల్లు, నాలుగెకరాల శెనక్కాయ చేను ఆయన స్వార్జితం. ఈ మధ్య మతిమరుపు మొదలైంది. పొద్దున వేసుకున్న మాత్ర మధ్యాహ్నానికి గుర్తుండదు. మనుషులు, లెక్కలు మాత్రం బాగానే తెలుస్తున్నాయి.

అంతా అన్న పేరుకు గిఫ్ట్ డీడ్ రాసిస్తానంటున్నాడు. అన్న మంచోడే. నా టెన్షనంతా అమ్మ గురించి. మా వీధిలో ఒక పెద్దమ్మ ఇల్లు రాసిచ్చేసి, ఇప్పుడు అదే ఇంటి వసారాలో పడుకుంటోంది. రోజూ చూస్తున్నాను కాబట్టి అడుగుతున్నాను. కూతురిని కదా, నోరు తెరిస్తే వాటా కోసమే అనుకుంటారు. నాకు వాటా వద్దు.

2007 నాటి వయోవృద్ధుల పోషణ చట్టంలో 23వ సెక్షన్ ఉంది. చూసుకుంటామనే షరతుతో రాయించుకుని, తర్వాత వదిలేస్తే ఆ డీడ్ రద్దు చేయమని ట్రిబ్యునల్‌ను అడగొచ్చు. ఆ షరతు డీడ్‌లో ఏ మాటల్లో రాయిస్తే గట్టిగా నిలుస్తుంది? అమ్మ పేరు కూడా చేర్చవచ్చా?

నాకైతే వీలునామానే మేలనిపిస్తోంది. బతికున్నంతకాలం మార్చుకోవచ్చు, ఇద్దరు సాక్షులు చాలు, రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు. కానీ రేపెవరైనా 'ఆయనకప్పటికే మతి లేదు' అంటే? ముందే డాక్టరు సర్టిఫికెట్ తీసుకున్నవాళ్లున్నారా? ఏ డాక్టరు దగ్గర?

జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఆడవాళ్లకు లాయరును ఉచితంగా ఇస్తారు. అమ్మను తీసుకెళ్తే ఇలాంటి పత్రాలకూ సలహా చెబుతారా? వెళ్లొచ్చినవాళ్లు దయచేసి చెప్పండి. నాయన వచ్చే నెలలో రిజిస్ట్రేషన్ అంటున్నాడు.