లెమాన్స్ గెలిచిన బెంట్లీ ఇదేనా? కోర్టు అవునంది, నేను కాదంటున్నా

పాతకార్లపిచ్చి:
1929లోనూ 1930లోనూ ఫ్రాన్స్‌లో జరిగే లెమాన్స్ 24 గంటల రేసు గెలిచింది ఒకటే కారు. బెంట్లీ స్పీడ్ సిక్స్, అందరూ పిలిచే పేరు ‘ఓల్డ్ నంబర్ వన్’. మొదటిసారి బర్నాటో, బిర్కిన్ నడిపారు. రెండోసారి బర్నాటో, కిడ్‌స్టన్.

1990లో దీన్ని కోటి పౌండ్లకు అమ్మడానికి బేరం కుదిరింది. తర్వాత కొనేవాళ్ళు వెనక్కి తగ్గారు. ఇది అసలు ఆ కారే కాదన్నారు. గొడవ లండన్ హైకోర్టుకు వెళ్ళింది, జస్టిస్ ఆటన్ అమ్మినాయన వైపే తీర్పిచ్చారు.

నా దృష్టిలో అది తప్పు తీర్పు. 1930లో పరిగెత్తిన కారు తాలూకు సామాన్లలో ఇందులో మిగిలినవి మహా అయితే పెడల్ షాఫ్ట్, గేర్‌బాక్స్ కేసింగ్, స్టీరింగ్ కాలమ్. ఈ మాట నాది కాదు, ఆ తీర్పులోనే ఉంది. ఇంజిన్ వేరు, బాడీ వేరు. మూడు పార్టులు చూపించి లెమాన్స్ విజేత అంటే ఎలా ఒప్పుకోవాలి?

స్పానర్10-12:
మీరు చెప్పిన పార్టుల లెక్క సరైనదే. కానీ అవి ఎప్పుడు మారాయో, ఎవరు మార్చారో కూడా చూడాలి కదండీ.

ఇది రేసు కారు. ఒక రేసు నుంచి ఇంకో రేసుకు కంపెనీ వాళ్ళే విప్పి, అరిగింది తీసేసి, కొత్తది వేసేవాళ్ళు. 1930లో లెమాన్స్‌కు వచ్చిన కారే 1929 కారుతో అచ్చంగా ఒకటి కాదు. మరి ‘రెండుసార్లు గెలిచిన ఒకటే కారు’ అని మీరే మొదటి వాక్యంలో ఎలా రాశారు?

పెద్ద మార్పు 1932లో జరిగింది. అప్పటికి బెంట్లీ కంపెనీ దివాలా తీసి రోల్స్ రాయిస్ చేతికి పోయింది. బర్నాటో మాత్రం కారుని వదల్లేదు. 6.6 లీటర్ల ఇంజిన్ తీయించి 8 లీటర్లది పెట్టించాడు, ఇంగ్లండ్‌లోని బ్రూక్‌ల్యాండ్స్ ట్రాక్‌లో 500 మైళ్ళ రేసు కోసం. ఆ సెప్టెంబరులో రేసు మధ్యలో ఓవర్‌టేక్ చేయబోయి, ట్రాక్ అంచున ఎత్తుగా కట్టిన కాంక్రీటు గట్టు దాటి కారు బయటికి ఎగిరిపోయింది. నడుపుతున్న క్లైవ్ డన్‌ఫీ చనిపోయాడు. శిథిలాన్ని పారేయకుండా మళ్ళీ కట్టించి, రోడ్డు మీద తిరిగే బాడీ తొడిగారు. ఇప్పుడు కనిపిస్తున్న 1929 తరహా బాడీ చాలా ఏళ్ళ తర్వాత వచ్చింది.

ఇందులో ఎక్కడా ‘పాత కారు ఇక్కడితో అయిపోయింది, ఇక్కణ్ణుంచి వేరే కారు’ అని చెప్పగలిగిన రోజు నాకు కనిపించదు. మీకు కనిపిస్తే ఆ తేదీ చెప్పండి.

పాతకార్లపిచ్చి:
1932 అని చెప్తాను. ఇంజిన్ మార్చి, వేరే రకం రేసుకు వేరే రకం యంత్రంగా చేసిన రోజు.

కిక్‌రాడ్:
మన దగ్గర ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఆర్‌సీతో కలవకపోతే ఆర్‌టీఓ ఆఫీసులో బండి పక్కన పెట్టేస్తారు. వీళ్ళేమో కోటి పౌండ్లు 😀

నల్లకోటు:
కిక్‌రాడ్ గారూ, నవ్వొచ్చినా మీరన్నది పాయింటే. ఆర్‌టీఓ అడిగేది ఒకటి, చరిత్రకారుడు అడిగేది ఇంకొకటి, కోర్టు అడిగింది మూడోది. అమ్మకందారు ఏ పేరు చెప్పి బేరం పెట్టాడో, ఇస్తున్న వస్తువు ఆ పేరుకు తగినదా కాదా అన్నదే కోర్టు ముందున్న ప్రశ్న.

జడ్జిగారు ఇది ‘ఒరిజినల్’ అని ఎక్కడా అనలేదు. ఆ మాట వాడకూడదనే అన్నారు. అలాగని నకలు కూడా కాదన్నారు. కారు ఉనికి మధ్యలో తెగకుండా సాగింది, ఆ పేరు మీద హక్కు చెప్పుకోగల బెంట్లీ ఇంకొకటి లేదు, కాబట్టి ‘జెన్యూన్’ అన్నారు. తీర్పును తిట్టేముందు అది దేనికి జవాబో చూడాలి.

పాతకార్లపిచ్చి:
ఇంకొకటి లేదు కాబట్టి ఇదే అనడం నాకు మింగుడుపడదు. ఇంటి వారసులు ఎవరూ మిగల్లేదని పక్కింటాయనకు పొలం రాసిస్తామా?

1956లో లెమాన్స్ గెలిచిన జాగ్వార్ డి-టైప్ (ఛాసిస్ నంబరు ఎక్స్‌కేడీ 501) సంగతి చూడండి. ఛాసిస్, ఇంజిన్, బాడీ అప్పటివే. 2016 వేలంలో 2 కోట్ల డాలర్లు దాటింది. దాన్ని చూసి ఎవరూ కోర్టుకెక్కలేదు. విజేత అంటే అలా ఉండాలి.

ఘాట్‌రోడ్డు:
డి-టైప్ అదృష్టం డి-టైప్‌ది. బర్నాటో కారుని దాచిపెట్టుకోలేదు, వాడాడు. వాడినందుకు దాని పేరు తీసేస్తారా?

ఇంకో వైపు నుంచి చూడండి. ఈమధ్య బెంట్లీ కంపెనీయే బిర్కిన్ నడిపిన ‘బ్లోయర్’ని (ఇంజిన్‌లోకి గాలిని బలంగా ఊదే సూపర్‌ఛార్జర్ ఉన్న బెంట్లీ) విప్పి, ప్రతి ముక్కనూ లేజర్‌తో స్కాన్ చేసి, 12 కొత్త కార్లు కట్టి అమ్మింది. పాత కొలతలే. అయినా వాటిని బిర్కిన్ కారు అని ఎవరైనా అన్నారా? పోలిక ఎంత ఉన్నా లాభం లేదు, గతం కావాలి. ఆ గతం ఓల్డ్ నంబర్ వన్‌కు ఉంది, పార్టులు లేకపోయినా.

పూరీ రథాన్ని ఏటా కొత్త చెక్కతో కడతారు. అది నందిఘోష కాదని ఎవరంటారు?

పాతకార్లపిచ్చి:
రథం సంగతి వేరండి. ఏటా కొత్తది కట్టాలన్నదే అక్కడి ఆచారం, ఇది పోయినేటి రథమే అని చెప్పి ఎవరూ అమ్మరు. ఇక్కడ డబ్బు ఇచ్చేదే ‘ఆ రాత్రి మెర్సిడెస్‌ని తరిమిన కారు ఇదే’ అన్న మాటకు. 1930 లెమాన్స్‌లో డ్రైవర్ కారాచియోలా నడిపిన మెర్సిడెస్‌ని అలసిపోయేలా చేసింది ఆ 6.6 లీటర్ల ఇంజిన్. అది ఇందులో లేదు.

బ్లోయర్ల విషయంలో మాత్రం ఘాట్‌రోడ్డు గారి మాటకు నా దగ్గర జవాబు లేదు. గతం లేని కారుకు పేరు రాదు, ఒప్పుకున్నా. పార్టులు లేని గతం చాలుతుందా అన్నదే నా పేచీ.

స్పానర్10-12:
బర్నాటో కార్ల విషయంలో ఈ తికమక మామూలే. 1930లో ఫ్రాన్స్‌లోని ‘బ్లూ ట్రెయిన్’ అనే రైలుతో పందెం కట్టి కాన్ నుంచి లండన్ చేరినప్పుడు ఆయన నడిపింది సాదా సలూన్ కారు. పేరు, పెయింటింగుల్లో బొమ్మ మాత్రం చాలాకాలం ఆయనదే వేరే కూపే (రెండు తలుపుల కారు)కి దక్కాయి, అది అప్పటికి తయారే కాలేదు! అక్కడ కారు మొత్తం ఉంది, గతం లేదు. ఇక్కడ గతం ఉంది, కారు సగం లేదు. రెండింట్లో ఏది పెద్ద అబద్ధం అంటే నేను కూపేనే చూపిస్తా.

పాతకార్లపిచ్చి:
బాగుంది. అయితే ఒక ప్రశ్న. 1932లో తీసేసిన ఇంజిన్, మిగతా పాత పార్టులు ఏ షెడ్డులోనో దొరికాయనుకోండి. ఎవరైనా వాటితో కారు కట్టి తెచ్చారు. అప్పుడు ఏది ఓల్డ్ నంబర్ వన్?

నల్లకోటు:
అప్పుడు ‘ఇంకొకటి లేదు’ అన్న ఆధారం పోతుంది. ‘మధ్యలో తెగలేదు’ అన్నది మాత్రం నిలుస్తుంది. నేనైతే పాత కారు వైపే వాదిస్తా. కానీ ఫీజు ముందే తీసుకుంటా.

కిక్‌రాడ్:
ఆ రెండో కారుకి ఆర్‌సీ ఎవరిస్తారు సార్?