కిచెన్ మనమే డిజైన్ చేసుకోవాలంటే ఏ సాఫ్ట్‌వేర్ మంచిది? కార్పెంటర్‌కి సైజులు కూడా ఇవ్వాలి

నిజాంపేట్_ఫ్లాట్:
అందరికీ నమస్తే. నిజాంపేట్‌లో రీసేల్ ఫ్లాట్ తీసుకున్నాం. కిచెన్ 8 బై 10 అడుగులు, L షేప్ వస్తుంది. ఒక ఇంటీరియర్ వాళ్లు చూసి వెళ్లి త్రీడీ బొమ్మలు పంపారు. బొమ్మలు బాగున్నాయి, కానీ చిమ్నీ వచ్చే మూలలో 9 అంగుళాలు ముందుకి పొడుచుకొచ్చిన పిల్లర్ వాటిలో లేనే లేదు, సిలిండర్‌కి చోటు లేదు, అమ్మ వాడే గ్రైండర్‌కి చోటు లేదు, అడిగితే సైట్‌లో అడ్జస్ట్ చేస్తాం అన్నారు. చదరపు అడుగు లెక్కన లక్షలు కట్టేటప్పుడు ఆ మాట నాకు నచ్చలేదు. మాకు తెలిసిన కార్పెంటర్ మంచి పనివాడు, ఇంటి దగ్గరే చేస్తానంటున్నాడు, కాకపోతే సైజులు రాసివ్వమంటున్నాడు. నా దగ్గర మామూలు ల్యాప్‌టాప్ ఉంది, 8 జీబీ ర్యామ్. స్కెచప్, స్వీట్ హోమ్ త్రీడీ, ఐకియా ప్లానర్ అని పేర్లు విన్నాను. ఏది నేర్చుకుంటే నా పని అవుతుంది? బొమ్మ కంటే సైజుల లిస్టు ముఖ్యం నాకు.

ఉప్పల్_ఇల్లు:
ముందు స్వీట్ హోమ్ త్రీడీతో మొదలుపెట్టండి అండీ. పూర్తిగా ఉచితం, మీ ల్యాప్‌టాప్‌లో హాయిగా నడుస్తుంది, పైన ప్లాన్ గీస్తుంటే కిందనే త్రీడీ కనిపిస్తుంటుంది. ఫ్రిజ్ తలుపు తెరిస్తే గుమ్మానికి అడ్డమొస్తుందా, స్టవ్‌కీ సింక్‌కీ మధ్య కూరగాయలు తరిగే చోటు మిగులుతుందా, ఇలాంటివి ఒక్క సాయంత్రంలో తేలిపోతాయి. ఇంట్లో ఆడవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని గీయండి, అది చాలా ముఖ్యం. మా ఇంట్లో అత్తగారు స్క్రీన్ చూసి "మిక్సీ ప్లగ్ అక్కడుంటే వైరు స్టవ్ మీదుగా వస్తుంది కదమ్మా" అన్నారు, ఎలక్ట్రీషియన్ గోడ కొట్టకముందే పాయింట్ మార్చాం. కాకపోతే ఇది గదికి ప్లాన్ గీసే సాఫ్ట్‌వేర్, డబ్బాల (క్యాబినెట్ల) కటింగ్ లిస్టు, అంటే ఏ చెక్క ఏ సైజుకి కోయాలో చెప్పే పట్టీ, ఇందులో రాదు.

ఐకియా ప్లానర్ సంగతి వేరు. అది వాళ్ల డబ్బాలతోనే పనిచేస్తుంది, మెటోడ్ సిరీస్‌లో వెడల్పులు 20, 30, 40, 60, 80 సెంటీమీటర్లు, అంతే. అక్కడే కొనేవాళ్లకి చాలా సుఖం. మీరు కార్పెంటర్‌తో చేయిస్తున్నారు కాబట్టి అమరిక ఎలా ఉంటే బాగుంటుందో చూసుకోవడానికి వాడండి. హైటెక్ సిటీ స్టోర్‌కి ఒకసారి వెళ్లి డ్రాయర్లు తెరిచి మూసి చూస్తే ఎంత లోతు మనకి అలవాటవుతుందో చేతికి తెలుస్తుంది.

బాలానగర్_కార్ఖానా:
మాది క్యాబినెట్ వర్క్‌షాప్, రోజూ ఇదే పని, కాస్త వివరంగా చెప్తాను. సాఫ్ట్‌వేర్ కంటే ముందు ఒక్క మాట చెప్పండి, బిల్డర్ కట్టిన గ్రానైట్ ప్లాట్‌ఫారం ఉంచుతున్నారా, తీసేస్తున్నారా? మన దగ్గర పాత ఫ్లాట్లలో గ్రానైట్ కింద కడప రాయి నిలువు సపోర్టులు ఉంటాయి. అవి ఉంచితే డబ్బాలన్నీ ఆ సందుల కొలతకే రావాలి, ఒక్కో సందు ఒక్కో సైజు ఉంటుంది, సాఫ్ట్‌వేర్‌లో 600, 600 అని అందంగా పేర్చుకున్నది అక్కడ దూరదు. ఆ రాళ్లను కూడా మోడల్లో గీయాలి.

కొలతలు మిల్లీమీటర్లలోనే తీసుకోండి, అడుగులు అంగుళాలు కలిపితే లెక్క చెడుతుంది. ప్రతి గోడనీ నేల దగ్గర, ప్లాట్‌ఫారం ఎత్తులో, పైన 2100 దగ్గర, మూడు చోట్లా కొలిచి తక్కువ వచ్చిందే రాసుకోండి, అదీ టైల్స్ అతికించాకే. మూల మట్టంగా ఉందో లేదో తెలియాలంటే ఒక గోడ మీద 3 అడుగులు, రెండో గోడ మీద 4 అడుగులు మార్క్ చేసి ఆ రెంటి మధ్య 5 అడుగులు వస్తుందా చూడండి.

ఇక అసలు విషయం, ప్లై మందం. చాలామంది సాఫ్ట్‌వేర్‌లో 18 అని కొట్టి వదిలేస్తారు. 18 ఎం.ఎం. ప్లైకి రెండు వైపులా 0.8 లైనర్ (అతికించే పల్చటి లామినేట్ షీటు) పడితే 19.6 అవుతుంది. 600 వెడల్పు డబ్బాకి అడుగున వచ్చే చెక్క 564 అని లిస్టులో వస్తుంది, కార్పెంటర్ అలాగే కోస్తాడు, పక్క చెక్కలు బిగించాక డబ్బా 603.2 అవుతుంది. అలాంటివి ఐదు పక్కపక్కన పెడితే 16 ఎం.ఎం. ఎక్కువ. 3000 గోడలో ఆఖరి డబ్బా దూరదు, అప్పుడు సైట్‌లో రంపం పెట్టి కొత్త డబ్బాని చెక్కుతారు, చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. కొన్న ప్లై మీద లామినేట్ పడ్డాక వెర్నియర్‌తో (మందం కొలిచే సాధనం) కొలిచి ఆ అంకెనే మెటీరియల్ మందంగా ఇవ్వండి.

నిజాంపేట్_ఫ్లాట్:
చాలా థాంక్స్ అన్నా, ఈ మందం సంగతి ఎవరూ చెప్పలేదు. ప్లాట్‌ఫారం తీసేస్తున్నాం, కింద రాళ్లతో సహా. మరి ఏ సాఫ్ట్‌వేర్ వాడమంటారు? స్కెచప్ ఫ్రీ వెర్షన్ సరిపోతుందా? ఇంకో విషయం, మా వైపు ఇంకా పైపు గ్యాస్ రాలేదు, సిలిండర్ లోపలే పెట్టాలి.

స్కెచ్_రోజూ:
దీనికి నేను చెప్తాను, రోజంతా అందులోనే ఉంటాను. స్కెచప్ ఉచిత వెర్షన్ బ్రౌజర్‌లో నడుస్తుంది, గీయడానికి బాగుంటుంది, కానీ అందులో ఎక్స్‌టెన్షన్లు (అదనపు పనులు చేసే చిన్న ప్రోగ్రాములు) వేసుకోలేరు. మీకు కావాల్సిన కటింగ్ లిస్టు ఓపెన్‌కట్‌లిస్ట్ అనే ఎక్స్‌టెన్షన్ ఇస్తుంది, అది ఉచితమే, కానీ డెస్క్‌టాప్ స్కెచప్‌లోనే పనిచేస్తుంది, దానికి డబ్బు కట్టాలి. నా సలహా ఏంటంటే బ్రౌజర్ వెర్షన్‌లో నేర్చుకుని డిజైన్ అంతా తేల్చుకోండి, లిస్టు తీసే దశకి వచ్చాకే డెస్క్‌టాప్ ట్రయల్ వేసుకోండి. ముందే వేసుకుంటే నేర్చుకోవడంలోనే ట్రయల్ గడువు అయిపోతుంది.

గీసేటప్పుడు ప్రతి చెక్కనీ విడిగా కాంపోనెంట్ (సాఫ్ట్‌వేర్ గుర్తించే విడి భాగం) చేయాలి. డబ్బాని ఒకే దిమ్మలా లాగి పైన గీతలు గీస్తే బొమ్మ వస్తుంది కానీ లిస్టు రాదు. ఎడమ సైడు, కుడి సైడు, అడుగు, వెనక 6 ఎం.ఎం. షీటు, అన్నీ వేరువేరుగా ఉండాలి, పేర్లు పెట్టాలి. ఒకే సైజు షట్టర్లు (డబ్బా తలుపులు) ఒకే కాంపోనెంట్‌కి కాపీలైతే ఒకటి మారిస్తే అన్నీ మారతాయి. ఎక్స్‌టెన్షన్‌లో షీటు సైజు 2440 బై 1220 ఇవ్వండి, మన 8 బై 4 ప్లై అదే, బ్లేడు మందం 3 నుంచి 4 ఎం.ఎం. ఇవ్వండి, చెక్క గీతలున్న లామినేట్ అయితే గ్రెయిన్ (ఆ గీతల) దిక్కు తప్పకుండా పెట్టండి, లేకపోతే షీట్లు మిగులుతాయని అది కొన్ని షట్టర్లని అడ్డంగా తిప్పేస్తుంది. ఎన్ని షీట్లు కావాలో కూడా అదే చెప్తుంది, ఆ కాగితం పట్టుకుని ప్లై షాపుకి వెళ్తే ఎక్కువ తక్కువలు ఉండవు.

బాలానగర్_కార్ఖానా:
సిలిండర్‌కి వస్తాను. ఇంటి సిలిండర్, అంటే 14.2 కేజీలది, సుమారు 320 ఎం.ఎం. వ్యాసం, 630 ఎత్తు, పైన రెగ్యులేటర్‌కి వేరే చోటు కావాలి. ఆ డబ్బాకి అడుగు చెక్క వేయించకండి, సిలిండర్ నేల మీదే నిలబడాలి, తీసి పెట్టేటప్పుడు నడుము పట్టేయదు. వంటగ్యాస్ గాలికంటే బరువు, లీకైతే కిందికే దిగుతుంది, కాబట్టి షట్టర్ అడుగున గాలి పోయే రంధ్రాలు ఉండాలి. అవి డ్రాయింగ్‌లోనే చూపించండి, నోటి మాటగా చెప్తే కార్పెంటర్ మర్చిపోతాడు.

ఎత్తు కూడా ఇప్పుడే తేల్చుకోండి. 100 స్కర్టింగ్ (డబ్బా కింద నేలని ఆనుకుని ఉండే పట్టీ), 730 డబ్బా, 20 గ్రానైట్, మొత్తం 850 అందరూ పెట్టేది. రోజూ వంట చేసేవాళ్ల మోచేతికి 4 అంగుళాలు కిందకి ఉండాలి ప్లాట్‌ఫారం, అమ్మగారు పొట్టి అయితే 850 ఆవిడకి ఎక్కువే అవుతుంది, భుజాలు లాగేస్తాయి. డబ్బా ఎత్తు మోడల్లో మార్చడం క్షణం పని. పిల్లర్ పక్కన, L మూలలో ఫిల్లర్ పట్టీ (సందు నింపే చెక్క) కనీసం 50 వదలండి, లేకపోతే ఒకవైపు డ్రాయర్ బయటికి లాగితే రెండోవైపు హ్యాండిల్‌కి తగిలి ఆగిపోతుంది. షట్టర్లు డబ్బా అంచు నుంచి అంచుకి నిండుగా గీయకండి, 600 డబ్బాకి రెండు తలుపులైతే ఒక్కోటి 297.

నిజాంపేట్_ఫ్లాట్:
అమ్మ 5 అడుగులే, మా ఆవిడ 5 అడుగుల 5 అంగుళాలు, ఇద్దరూ చేస్తారు. అయినా మోచేతి కొలత ఇద్దరిదీ తీస్తాను. ఈ ఆదివారం ప్లాట్‌ఫారం పగలగొట్టిస్తున్నాం, టైల్స్ అయ్యాక కొలిచి మోడల్ ఇక్కడ పెడతాను, తప్పులుంటే మొహమాటం లేకుండా చెప్పండి.

ఉప్పల్_ఇల్లు:
స్టవ్ ఉండే వైపు అమ్మ ఎత్తుకి, సింక్ వైపు మీ ఆవిడ ఎత్తుకి పెట్టించండి. L షేప్ కాబట్టి మూల దగ్గర గ్రానైట్ ఒక మెట్టు దిగితే సరిపోతుంది. సింక్ ఎలాగూ లోతుగా ఉంటుంది కాబట్టి అటు ఎత్తుంటేనే నయం. గ్రానైట్ ఆయనకి ఆ మెట్టు ముందే చెప్పాలి, అంచు పాలిష్ రెండు చోట్ల పడుతుంది.