‘ఈ ర్యామ్ దీనికి పడదు’ అంటే దేనికి పడదు?

ప్రశ్న:
కంప్యూటర్ షాపుల్లో ‘ఈ ర్యామ్ మీ సిస్టమ్‌కి పడదండీ’ అనే మాట మీరూ వినే ఉంటారు. ఈ ‘పడదు’ ఏ కోవలోది? ‘ఆ టైరు మన బండికి పడదు’ లాంటిదా, ‘నాకు వంకాయ పడదు’ లాంటిదా, ‘ఆ అన్నదమ్ములిద్దరికీ పడదు’ లాంటిదా? తర్జుమాల్లో ‘అనుకూలం కాదు’ అని రాస్తున్నారు, చదువుతుంటే వాతావరణ సూచన వింటున్నట్టుంది. పాత కంప్యూటర్‌కి ర్యామ్ పెంచుకోవడం మీద తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను, ఏ మాట వాడమంటారు?

జవాబు:
‘పడదు’నే ఉంచండి. మీరిచ్చిన మూడు అర్థాలూ ర్యామ్‌కి వర్తిస్తాయి. కాకపోతే ఒకటి గమనించండి, మూడు వాక్యాల్లోనూ బండికి, నాకు, ఇద్దరికీ అని ఒక ‘కి’యో ‘కు’వో ఉంది. కిన్, కున్ షష్ఠి అని బళ్ళో వల్లెవేశాం కదా, ఆ ముక్క చెప్పకపోతే ఈ క్రియకి అర్థం తేలదు. షాపులో ‘పడదు’ అనగానే మనం ‘దేనికి?’ అని అడగం, ‘సరే ఇంకోటివ్వండి’ అంటాం. అడిగితే స్లాట్‌కి (ర్యామ్ దిగే గాడికి) పడదనో, బోర్డుకి (మదర్‌బోర్డుకి) పడదనో, లోపలున్న పాత స్టిక్‌కి (ర్యామ్ ముక్కకి) పడదనో చెప్తారు. ఇవి మూడూ వేరువేరు సంగతులు.

స్లాట్‌కి పడకపోవడం అచ్చంగా టైరు సంగతే. ర్యామ్‌లో తరాలైన డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 ఒకదాని చోట ఇంకొకటి దిగవు. స్టిక్ కింది అంచులో ఒక గాటు ఉంటుంది, అది తరానికో చోట ఉంటుంది. డెస్క్‌టాప్ డీడీఆర్4కీ డీడీఆర్5కీ పిన్నులు 288 చొప్పునే ఉన్నా గాటు జరిగింది కాబట్టి దిగదు, బలవంతంగా నొక్కితే స్లాట్ పోతుంది. ల్యాప్‌టాప్‌లకి వాడే పొట్టి రకాన్ని ఎస్ఓ-డిమ్ అంటారు, అందులో డీడీఆర్3కి 204, డీడీఆర్4కి 260, డీడీఆర్5కి 262 పిన్నులు. ఇక్కడ మోసపోవడం కష్టం, కంటికే కనిపిస్తుంది.

బోర్డుకి పడకపోవడం వంకాయ రకం. లోపలికి వెళ్తుంది, గొడవ తర్వాత మొదలవుతుంది. డీడీఆర్3ఎల్ అని ఒక రకం ఉంది, దానికి 1.35 వోల్టులు చాలు, మామూలు డీడీఆర్3కి 1.5 కావాలి. గాటు, పిన్నులు రెండింటికీ ఒకటే. అందుకని 1.35 మాత్రమే ఇచ్చే ల్యాప్‌టాప్‌లో మామూలు డీడీఆర్3 చక్కగా దిగి కూర్చుంటుంది, సిస్టమ్ మాత్రం సాధారణంగా ఆన్ కాదు. ఎల్ రకాన్ని 1.5 వోల్టుల బోర్డులో పెడితే మాత్రం సాధారణంగా ఇబ్బంది ఉండదు. సర్వర్ల నుంచి తీసిన రిజిస్టర్డ్ ర్యామ్ సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతుంది, డీడీఆర్4లో అదీ ఇంతే, మామూలు డెస్క్‌టాప్ స్లాట్‌లో పడుతుంది కానీ బోర్డు దాన్ని గుర్తించదు. చవక చూసి చాలామంది ఇక్కడే బోల్తా కొడతారు. ప్రాసెసర్‌కీ ఒక హద్దు ఉంటుంది, ఇంటెల్ లెక్క ప్రకారం ఐ5-8250యూ లాంటివి 32 జీబీ దాకానే తీసుకుంటాయి.

ఇంకొకరు:
మీరు ‘పడదు’ని మరీ సాగదీస్తున్నారు. స్లాట్‌లో దిగకపోతే మా వైపు ‘పట్టదు’ అంటాం, ‘ఈ చొక్కా నాకు పట్టదు’ అన్నట్టు. పట్టడం వేరు, పడటం వేరు. రెండు స్టిక్కుల మధ్య గొడవైతే ‘పొసగదు’ అని నిక్షేపం లాంటి మాట ఉంది. పట్టదు, పడదు, పొసగదు అని మూడు మాటలు పెట్టుకుంటే వ్యాసానికి మూడు ఉపశీర్షికలు కూడా వచ్చేస్తాయి కదా! సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో అయితే అన్నింటికీ కలిపి ‘సెట్ కాదు’ అనే వింటాం, అది వేరే సంగతి.

మొదటి జవాబు ఇచ్చినవారు:
‘పట్టదు’ బాగుంది, ఒప్పుకుంటున్నా. ‘పొసగదు’ రాతలో బాగుంటుంది కానీ కౌంటర్ ముందు నిలబడి ‘ఈ రెండూ పొసగుతాయా’ అంటే ఎదుటివాడు నవ్వుతాడు. ‘పాతదానికీ దీనికీ పడుతుందా’ అంటే చాలు, ఆ రెండు దీర్ఘాలతోనే ఇద్దరి మధ్య వ్యవహారమని తెలిసిపోతుంది.

అసలు జనం ఎక్కువ భయపడేది ఈ మూడో రకం, అంటే పాత స్టిక్‌కి పడకపోవడం గురించే, నిజానికి భయం తక్కువ ఉండాల్సింది కూడా ఇక్కడే. ఒక్కో స్టిక్ మీద ఎస్‌పీడీ అనే బుల్లి చిప్‌లో దాని వేగం, టైమింగులు, సామర్థ్యం రాసి ఉంటాయి. ఆన్ చేయగానే బోర్డు అవి చదువుకుని, అన్ని స్టిక్కులూ తట్టుకోగల వేగం ఎంచుకుంటుంది. పాతదాని వేగం 2400, కొత్తదాని వేగం 3200 అయితే మామూలుగా రెండూ 2400లో నడుస్తాయి. కాబట్టి ‘వేగం ఎక్కువ, మీదానికి పడదు’ అని ఎవరైనా అంటే ఆ ‘పడదు’ తప్పు, ‘వేగం అక్కరకు రాదు’ అనాలి. ల్యాప్‌టాప్‌లో బోర్డు మీదే 4 జీబీ ఉండి మీరు 8 పెట్టినా ఫరవాలేదు, ఇంటెల్ బోర్డుల్లో చాలా వరకు 4కి 4 జతకలిసి డ్యూయల్ ఛానల్‌గా (రెండు దారుల్లో ఒకేసారి) నడుస్తాయి, మిగిలిన 4 ఒంటరిగా నడుస్తుంది.

నిజంగా పడనప్పుడు ఎలా ఉంటుందంటే, సిస్టమ్ ఆన్ అవుతుంది, బాగానే ఉందనుకుంటాం, ఏ వీడియో ఎడిటింగో పెట్టగానే బ్లూ స్క్రీన్. ముఖ్యంగా ఎక్స్‌ఎంపీ (స్టిక్‌లో రాసిపెట్టిన ఎక్కువ వేగాన్ని వాడే సెట్టింగు) ఆన్ చేసి వేరువేరు కంపెనీల స్టిక్కులు కలిపినప్పుడు. జతగా అమ్మే కిట్లకి కొంచెం ఎక్కువ పెట్టడం దండగ కాదని నేననేది అందుకే, ఆ రెండింటినీ కలిపి పరీక్షించి అమ్ముతారు. ఒకే మోడల్‌వి రెండు విడిగా కొన్నా లోపలి చిప్‌లు వేరే కావచ్చు. అనుమానం ఉంటే ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రాం రాత్రంతా నడపండి, ఒక్క ఎర్రర్ వచ్చినా వదిలేయొద్దు.

ప్రశ్న అడిగినవారు:
స్టిక్ మీద 25600 అని ఉంది, బిల్లులో 3200 మెగాహెర్ట్జ్ అని ఉంది. ఏది రాయాలి?

జవాబు:
రెండూ ఒకటే స్టిక్. పీసీ4-25600లోది సెకనుకి ఎన్ని మెగాబైట్లో చెప్పే అంకె, 3200ని 8తో గుణించి చూడండి. అలాగే పీసీ4-19200 అంటే డీడీఆర్4-2400. మెగాహెర్ట్జ్ అన్నదే సరికాదు, అసలు క్లాక్ 1600, ఒక్కో టిక్కుకి రెండుసార్లు డేటా వెళ్తుంది కాబట్టి 3200 అయింది, డీడీఆర్‌లో మొదటి ‘డీ’ డబుల్ అదే. అందరూ మెగాహెర్ట్జ్ అనే అంటారు కాబట్టి మీ వ్యాసంలో ఒక వాక్యంలో చెప్పి వదిలేయండి, పాఠకుడితో దెబ్బలాట దేనికి.

మరొకరు:
‘పడుతుంది’ అనిపించుకున్న ర్యామ్ కూడా ‘కూర్చోకపోతే’ పనిచేయదు. కొత్తది పెట్టగానే డిస్‌ప్లే రాలేదంటే చాలాసార్లు అది సరిగ్గా కూర్చోకపోవడమే. పవర్ తీసి, బయటికి తీసి, పిన్నుల్ని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచి, పక్క క్లిప్పులు టక్కుమనేదాకా నొక్కితే సగం కేసులు అక్కడే తేలిపోతాయి. మెకానిక్కులు ‘లూజుగా కూర్చుంది’ అంటారు, ఆ మాట కూడా రాయండి.

ప్రశ్న అడిగినవారు:
రాస్తాను. మరి ర్యామ్ బోర్డుకే అతికించేసి ఉన్న సన్నటి ల్యాప్‌టాప్‌లకి ఏమనాలి?

జవాబు:
వాటికి ఏ మాటా అక్కర్లేదు, స్లాటే ఉండదు. విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి పర్ఫార్మెన్స్‌లో మెమరీ నొక్కితే ఎన్ని స్లాట్లున్నాయో, ఎన్ని నిండాయో, ఇప్పుడు ఏ వేగంలో నడుస్తోందో చూపిస్తుంది. చాలా ల్యాప్‌టాప్‌లలో, అతికించిన రకమైతే ఫామ్ ఫ్యాక్టర్ దగ్గర ‘రో ఆఫ్ చిప్స్’ అని ఉంటుంది. అయినా మోడల్ నంబరుతో కంపెనీ సైట్‌లో ఒకసారి సరిచూసుకోమనండి, ఎందుకంటే కొన్నింటిలో సగం అతికించి ఒక్క స్లాట్ ఖాళీగా వదులుతారు. ఈ ముక్క వ్యాసం చివర్లో కాదు, మొదటి పేరాలోనే పెట్టండి, డబ్బులు పెట్టి స్టిక్ కొనుక్కొచ్చాక స్లాట్ కోసం వెతుక్కునేవాళ్ళు చాలామందే ఉన్నారు.